కండువాకు క్షణం, పచ్చబొట్టుకు పది సిట్టింగులు

తెలుగు రాష్ట్రాల్లో ఒక శాసనసభ్యుడు పార్టీ మారడానికి పట్టే సమయమల్లా పాత కండువా తీసి, కొత్త కండువా వేయించుకుని, ఫొటోకు నవ్వేంతసేపే. అదే పార్టీ గుర్తును ముంజేతి మీద పొడిపించుకున్న కార్యకర్త అందులోంచి బయటపడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో పది సిట్టింగుల దాకా లేజరు చికిత్స చేయించుకోవాలి, అంటే ఏడాదికి పైమాటే. నాయకుడికీ కార్యకర్తకూ మధ్య గల ఈ ఘోరమైన అసమానతను ప్రజాస్వామ్యవాదులెవరూ ఇంతవరకు పట్టించుకోకపోవడం నన్ను కలచివేసినందువల్ల ఈ వ్యాసం రాయక తప్పింది కాదు.

మా మేనల్లుడు డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, మా నియోజకవర్గపు నాయకుడికి కుడిభుజం కావాలనే ఆశయంతో, ఆయన పేరును 'గారు'తో సహా, దాని కింద పార్టీ గుర్తును మూడు రంగుల్లో, కుడిచేతి మీదనే పొడిపించుకున్నాడు. ఆ 'గారు' కోసం అదనంగా మూడు వందలు తీసుకున్నారట. నాయకుడు ఆ చేతిని పట్టుకుని ఫొటో దిగి, ఎన్నికలైన ఎనిమిది నెలలకు నియోజకవర్గ అభివృద్ధి నిమిత్తం అవతలి పార్టీలో చేరారు. మా వాడు కూడా జీవితంలో స్థిరపడదామని కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోగా, దేవుడి బొమ్మో పేరో ఉండవచ్చు గానీ ముంజేతి మీదైతే ఎడమచేతి లోపలి వైపునే ఉండాలనీ, అదీ ఆ భాగంలో నాలుగో వంతుకు లోపే ఉండాలనీ నిబంధన కనిపించింది. కుడిచేయి సెల్యూట్ చేసే చేయి కాబట్టి దాని మీద ఎవరి పేరూ ఉండరాదట. దేశం కోసం ఉంచవలసిన చేతిని మా వాడు అప్పటికే నియోజకవర్గానికి రాసిచ్చేశాడు.

అలా మేమిద్దరం చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాము. గంట ముందే తిమ్మిరి క్రీము పూసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ కాగితం కింద నాయకుడి పేరు పార్శిల్ కట్టిన కూరలా కనిపించింది. తరువాత అందరికీ నల్ల కళ్లద్దాలు పెట్టి, సెకనులో నూరు కోట్లవ వంతు లెక్కన కొలిచే కాంతి దెబ్బలు టపటపా కొట్టారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు ప్రతి దెబ్బకూ చురుక్కుమంటుంటే, వెంట్రుకలు కాలిన వాసన గదిలో వ్యాపించి, పేరు మీద అక్షరం వెంట అక్షరం పాలమీగడ కట్టినట్టు తెల్లబడింది. "పోయింది మావయ్యా!" అని మా వాడు ఆనందంతో అరిచాడు. అది తాత్కాలికంగా చేరిన గాలిబుడగల తెలుపేననీ, ఇరవై నిమిషాల్లో పేరు మళ్లీ కనిపిస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఎన్నికల హామీల అమలును దగ్గరగా చూసినవాడిని కనుక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

రంగుల విషయంలో ఆమె చెప్పినదాన్ని యథాతథంగా ఇస్తున్నాను. దీన్ని ఎవరూ రాజకీయ వ్యాఖ్యగా భావించరాదు. నలుపు 1064 నానోమీటర్ల కిరణానికి తేలికగా లొంగుతుంది. ఎరుపుకు 532 చాలు. ఆకుపచ్చ మొండిది, దానికి వేరే యంత్రం ఉండాలి. పసుపు అంత త్వరగా వదలదు. తెలుపుగానీ, తెలుపు కలిసిన గులాబీగానీ అయితే అందులోని టైటానియం డయాక్సైడు వల్ల లేజరు తగలగానే చెరగడానికి బదులు నల్లబడే ప్రమాదముంది. పైగా మనవి చామనఛాయ ఒళ్లు కనుక, కిరణం సిరాను కొట్టబోయి చర్మపు సహజవర్ణాన్నీ కొట్టిందంటే, చెరిగిన అక్షరాల చోట అవే అక్షరాలు తెల్లమచ్చలుగా మిగిలిపోవచ్చు. అంటే నాయకుడు వెళ్లిపోయినా ఆయన శ్వేతపత్రం చేతి మీదనే ఉంటుంది.

ఇంతకీ చర్మం మీది పొరలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటే సిరా ఎలా నిలుస్తుందన్న సందేహానికి 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రజ్ఞులు ఎలుకల తోకల మీద పచ్చబొట్లు పొడిచి సమాధానం కనుక్కున్నారు. లోపలి పొరలోని రక్షక కణాలు సిరాను మింగి కూర్చుంటాయి. ఒక కణం చనిపోతే అది వదిలిన సిరాను పక్కనుంచి వచ్చిన కొత్త కణం మింగుతుంది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తా పదవీ విరమణ చేస్తే ఫైలు కదలకుండా తరువాతి గుమాస్తా బల్ల మీద ఉండిపోయే పద్ధతి ఇదే. లేజరు చేసేదల్లా ఆ ఫైలును చింపి పోగులు పెట్టడమే. ఆ పోగులను మోసుకుపోవలసిన బాధ్యత మళ్లీ మన ఒంటిదే. పోనీ పూర్తిగా బయటికి పోతాయా అంటే అదీ లేదు, వాటిలో కొన్ని చంకలోని లింఫు గ్రంథుల్లో మకాం వేస్తాయి. పార్టీ గుర్తు కూడా ఫిరాయిస్తుందన్నమాట.

చెరిపించుకునే బదులు సవరించుకుంటే సరిపోదా అని మా వాడు అడిగాడు. అమెరికా గాయని అరియానా గ్రాండే 2019లో 'ఏడు ఉంగరాలు' అని జపాను లిపిలో అరచేతి మీద పొడిపించుకోబోయి, అక్షరాలు తగ్గించడంతో అది 'బొగ్గుల కుంపటి' అయి కూర్చుంది. సవరిద్దామని మరో అక్షరం చేర్చినా కుంపటి ఆరలేదు. మా వాడి పాత గుర్తును మూడు నాలుగు సిట్టింగుల్లో పలచబరిచి, దాని మీద కొత్త పార్టీ గుర్తు వేయించుకోవచ్చునని డాక్టరమ్మ ఒప్పుకుంది గానీ, "మీ నాయకుడు ఇక మారడని హామీ ఉందా బాబూ?" అని అడిగింది. మా వాడు తలవంచుకుని తరువాతి సిట్టింగుకు తేదీ తీసుకున్నాడు.

మా అమ్మమ్మ చేతి మీద ఎరుకల స్త్రీ పొడిచిన నాలుగు చుక్కలుండేవి. పోయేటప్పుడు వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనని ఆమె అనేది. అవి ఏ పార్టీవీ కావు కాబట్టి ఆ మాట చెల్లింది.

ఈ పరిస్థితుల్లో పార్టీ ఫిరాయింపులను అరికట్టేందుకు 1985లో రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూలును తక్షణం సవరించాలని కోరుతున్నాను. మూడింట రెండు వంతుల మంది కలిసి దూకితే దాన్ని విలీనమని గౌరవిస్తున్న ఆ షెడ్యూలు, చర్మంలో విలీనమైన గుర్తుల సంగతి ఎత్తనే లేదు. నాయకుడు కొత్త కండువా వేసుకునే ముందు, తన పేరు పొడిపించుకున్న ప్రతి కార్యకర్తకూ పది సిట్టింగుల సొమ్ము స్పీకరు వద్ద జమ చేయాలి. ఫిర్యాదు మీద స్పీకరు నిర్ణయం వెలువడేలోగా పది సిట్టింగులూ ఎలాగూ పూర్తవుతాయి గనుక వ్యవధి విషయంలో ఇబ్బంది ఉండదు.

ఆరో సిట్టింగు అయిన వారానికి నాయకుడు సొంత గూటికి తిరిగి వచ్చారు. ఏడో సిట్టింగుకు వెళ్లేసరికి బెంచీ మీద చేతికి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని కొత్త కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. కాగితం కింద అదే నాయకుడి పేరు, 'గారు'తో సహా. గుర్తు మాత్రం అవతలి పార్టీది. మా వాడు కాసేపు ఆ చేతి వంక చూసి, "మొదటి రెండు సార్లే నొప్పి" అని, పక్కకు జరిగి చోటిచ్చాడు.