వినైల్ అనగానే వద్దనక్కర్లేదు

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు వినైల్ సైడింగ్ (బయటి గోడల మీద తొడుగులా కొట్టే ప్లాస్టిక్ పలకలు) కనిపిస్తే వదిలేయండి, ఇటుక గానీ ఫైబర్ సిమెంట్ (సిమెంటులో నార కలిపి చేసిన పలకలు) గానీ ఉన్నదే చూడండి అన్నారు నేను చదివిన ఒక వ్యాసంలో. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఆ మాట సరే, అక్కడ ఎటు చూసినా ఇటుకే. న్యూజెర్సీలోనో నార్త్ కరోలినాలోనో మన బడ్జెట్‌లో దొరికే ఇళ్లలో చాలావాటికి ఉండేది వినైలే. అవి తీసేస్తే ఇక చూడ్డానికి ఏం మిగులుతాయి?

నన్నడిగితే ముందు చూడాల్సింది బిగించినవాడి పనితనం. వినైల్ అంటే పీవీసీ. ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. 12 అడుగుల పలక అర అంగుళం దాకా కదులుతుంది. అందుకే మేకును స్లాట్ (పలక అంచున మేకు కోసం ఉండే పొడుగాటి రంధ్రం) మధ్యలో, కాస్త వదులుగా కొట్టాలి. గట్టిగా దిగ్గొడితే వేసవిలో అలలు అలలుగా ఉబ్బుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు పలకను చేత్తో పక్కకు జరిపి చూడండి, కొంచెం కదలాలి. పక్కింటి లో-ఈ (వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్న) కిటికీ అద్దాల మీంచి తిరిగి పడే ఎండకు కూడా ఇది మెత్తబడి వంకర తిరుగుతుంది (చెబితే చాలామంది నమ్మరు!). పెరట్లో వంటకు వాడే బార్బెక్యూ గ్రిల్‌ను గోడకు దూరంగా పెట్టుకోవాల్సిందే.

ఫైబర్ సిమెంట్‌కు నిప్పు అంటుకోదు, నిజమే. కానీ 10-15 ఏళ్లకోసారి పెయింట్ వేయించాలి, ఆ ఖర్చు వ్యాసంలో లేదు. ఇటుక కూడా అక్కడ మన ఊళ్లోలా బరువు మోసే గోడ కాదు, చాలా ఇళ్లలో చెక్క ఫ్రేమ్ ముందు నిలబెట్టిన ఒక వరసే. ముందువైపు మాత్రం ఇటుక పెట్టి, మిగతా మూడు వైపులా వినైల్ కొట్టి "బ్రిక్ హౌస్" అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాకే ధర మాట్లాడండి.