కడసారివాళ్ళ పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ తీస్తే మళ్ళీ అదే మెసేజ్. ఈ నెలలో నాలుగోసారి. ఈసారి పంపింది మా చిన్నత్త. ‘దేవుడు ఎప్పుడూ చిన్నవాడినే ఎన్నుకుంటాడు! పెద్దవాళ్ళు తొక్కేసినా దేవుడు లేపుతాడు! మీ ఇంట్లో మీరే చిన్నవాళ్ళైతే ఆమెన్ అని పెట్టండి’ అని మొదలవుతుంది. కింద ఐదు పాయింట్లు, మధ్యమధ్యలో పావురాల బొమ్మలు. గ్రూపు నిండా ఆమెన్లే. నేనూ ఇంట్లో కడగొట్టువాణ్ణే, మా అన్న ప్యాంట్లకు అంచులు మడిచి కుట్టించుకుని పదో తరగతి దాకా నెట్టుకొచ్చినవాణ్ణే. అయినా ఆమెన్ పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

‘ఎప్పుడూ’ అన్న మాట దగ్గరే ఈ మెసేజ్ బోల్తాపడింది. యాజకత్వం, అంటే పూజారి పదవి, దక్కిన అహరోను తన తమ్ముడు మోషే కంటే మూడేళ్ళు పెద్ద. అదలా ఉంచండి, బేత్లెహేములో మరియ కన్నది తన తొలిచూలు కుమారుణ్ణి అని లూకా రాశాడు. ఏటా క్రిస్మస్ నాటకం వేసే మనకు ఇది కూడా ఒకరు గుర్తు చేయాలా?

మొదటి పాయింటు ప్రకారం యోసేపు యాకోబు కొడుకులు పన్నెండుమందిలో ఆఖరివాడట. మరి అతని తమ్ముడు బెన్యామీను ఎవరు, పక్కింటి అబ్బాయా? పైగా యోసేపును ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదట. పట్టించుకోని పిల్లాడికి ఎవరైనా విచిత్రమైన నిలువుటంగీ కుట్టిస్తారా? ఆ ఇంట్లో గారాబమంతా అతనిదే, గొడవ మొదలైందే అక్కడ. అసూయతో అన్నలు చంపబోతే, తమ్ముణ్ణి చంపొద్దని అడ్డుపడింది పెద్దవాడు రూబేను. తర్వాత ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బెన్యామీను బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అని వేడుకున్నది కూడా అన్నే, యూదా. తొక్కేసే అన్నల లిస్టులో వీళ్ళను ఎక్కడ పెట్టాలో రాసినాయనే చెప్పాలి.

రెండోది, యేసు అతిథిగా వెళ్ళిన ఇంటి అక్కచెల్లెళ్ళ సంగతి: మార్త పెద్దది కాబట్టి వంటింట్లో ఉండిపోయింది, చిన్నది మరియ దీవెన పొందింది. వాళ్ళిద్దరిలో ఎవరు పెద్దో బైబిల్లో లేదు. పదండి ముందుకు.

మూడోది యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ. పెద్దకొడుక్కి ఏమీ దక్కలేదని రాశారు. తండ్రి బతికుండగానే చిన్నవాడు వాటా అడిగితే, ఆ ఇంట్లో ఆస్తి ఇద్దరికీ పంచారు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి కోసం కూడా తండ్రి గుమ్మం దాటి వచ్చాడు, ‘నావన్నియు నీవి’ అన్నాడు. ఏమీ దక్కకపోవడం అంటే ఇదేనా?

అసలు కోపం నాలుగో పాయింటు మీద. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘యాకోబు మోసం చేయలేదు. తనకు రావాల్సింది తెలివిగా తీసుకున్నాడు. మన హక్కు మనం తీసుకోవడం పాపం కాదు.’

ఆదికాండము 27 తీయండి. యాకోబు తండ్రి ఇస్సాకుకు చూపు ఆనడం లేదు. వేటమాంసం వండి తెస్తే ఆశీర్వదిస్తానని పెద్దకొడుకు ఏశావుతో అన్నాడు. చిన్నకొడుకు అన్న బట్టలు తొడుక్కుని, ఒంటినిండా రోమాలున్న అన్నలా అనిపించాలని చేతులకూ మెడకూ మేకపిల్లల తోళ్ళు చుట్టుకుని లోపలికెళ్ళాడు. ఎవరు నువ్వు అంటే, ఏశావును, నీ పెద్దకొడుకును అన్నాడు. వేట ఇంత తొందరగా ఎలా దొరికిందిరా అంటే, నీ దేవుడే నా ఎదుటికి రప్పించాడు అన్నాడు. తన అబద్ధంలోకి దేవుణ్ణి కూడా లాగాడు. ముసలాయన తడిమి చూసి, స్వరం యాకోబుది, చేతులు ఏశావువి అన్నాడు. ఇది మోసం కాకపోతే, మోసం అనిపించుకోవడానికి ఇంకేం కావాలి? స్టాంపు పేపరా?

స్టాంపు పేపరన్నది ఊరికే కాదు. మా దూరపు బంధువుల్లో ఒక తమ్ముడు, తండ్రికి చూపు మందగించాక, ఆస్పత్రి కాగితాలని చెప్పి పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అన్న నిలదీస్తే ఆయన చెప్పిన జవాబు: ‘యాకోబును దేవుడు దీవించలేదా?’ మేకతోలు బదులు ఇంకు ప్యాడ్.

పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు వాళ్ళ తల్లి రిబ్కాకు ముందే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. మేకతోలు చుట్టమని చెప్పలేదు.

తర్వాతి అధ్యాయాలు మెసేజ్ రాసినాయన చదవలేదో, చదివి దాచాడో. అన్న కోపానికి భయపడి యాకోబు ఇల్లు వదిలి పారిపోయాడు. ఆ తర్వాత తల్లిని మళ్ళీ చూసినట్టు ఒక్క మాట లేదు. మేనమామ లాబాను పెళ్ళిరాత్రి చీకట్లో చిన్నకూతురు రాహేలు బదులు పెద్దకూతురు లేయాను పంపి, పెద్దదాన్ని ఉంచుకుని చిన్నదాన్ని ఇవ్వడం మా దేశంలో లేదు అన్నాడు. అక్కడ 20 ఏళ్ళ చాకిరీ, 10 సార్లు మార్చిన జీతం. ముసలితనంలో సొంత కొడుకులే, యోసేపు చనిపోయాడని నమ్మించడానికి, అతని అంగీని రక్తంలో ముంచి తెచ్చి చూపించారు. అదీ మేక రక్తమే.

తిరిగి వచ్చేటప్పుడు, ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడని తెలిసి యాకోబుకు చెమటలు పట్టాయి. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550కి పైగా కానుకగా ముందు పంపాడు. అన్న దగ్గరికి వస్తూ ఏడుసార్లు నేలకు వంగాడు. గమనించండి, వంగింది చిన్నవాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడ్చాడు. నాకు కావలసినంత ఉంది తమ్ముడూ, నీది నువ్వే ఉంచుకో అన్నాడు. యాకోబు మాత్రం తీసుకోమని బలవంతం చేశాడు. ఆ కానుకకు హెబ్రీలో అతను వాడిన మాట ‘బెరాఖా’. అంటే ఆశీర్వాదం. దొంగిలించింది ఏదో అతనికే తెలుసు.

ఐదోది దావీదు. ఇక్కడ మాత్రం మెసేజ్‌తో నాకు పేచీ లేదు. కాబోయే రాజును ఎంచడానికి ప్రవక్త సమూయేలు ఇంటికొస్తే, దావీదు తండ్రి యెష్షయి ఏడుగురు కొడుకుల్ని వరసగా నిలబెట్టాడు, ఎనిమిదోవాణ్ణి పిలవనేలేదు. ఇంకెవరూ లేరా అని అడిగితే, ‘కడసారివాడున్నాడు, గొర్రెలు కాస్తున్నాడు’ అన్నాడు. పేరు కూడా చెప్పలేదు. తర్వాత యుద్ధభూమికి వేయించిన ధాన్యం, పది రొట్టెలు, పది జున్నుగడ్డలు మోసుకెళ్ళిన తమ్ముడితో పెద్దన్న ఏలీయాబు అన్న మాట: ఆ కాసిని గొర్రెలను ఎవరికి అప్పజెప్పి వచ్చావు? క్యారేజీ తెచ్చినవాడికి దక్కిన మర్యాద అది. మా అన్న గొంతు వినపడింది నాకు. సరే, ఈ ఒక్కదానికి ఆమెన్.

ఇంట్లో ఎవరికీ పట్టని చిన్నవాళ్ళ గురించే అయితే, లేయా కడుపున ఆరుగురు మగపిల్లల తర్వాత పుట్టిన యాకోబు కూతురు దీనా ఈ ఐదింటిలో ఎందుకు లేదత్తా? ఆదికాండము 29, 30 అధ్యాయాల్లో పుట్టిన పదకొండుమంది మగపిల్లలకూ ఆ పేరు ఎందుకు పెట్టారో రాసి ఉంది. దీనాకు పేరు పెట్టారని మాత్రమే ఉంది. 34వ అధ్యాయంలో ఆ ప్రాంతపు అధిపతి కొడుకు షెకెము ఆమెను చెరిచాడని తెలిసి, కొడుకులు పొలం నుంచి వచ్చేదాకా తండ్రి నోరు మెదపలేదు. ఆ తర్వాత బేరాలు, కత్తులు, కొల్లగొట్టడాలు, అన్నీ మగవాళ్ళ మధ్యే. 31 వచనాల్లో దీనా మాట్లాడినట్టు ఒక్క వాక్యం లేదు.