నొప్పి మందు రాసిన చీటీలోనే మోషన్ మందు కూడా రాయండి

మార్ఫిన్, ట్రామడాల్, టపెంటడాల్ అనే గట్టి నొప్పి మందుల్లో ఏది రాసినా డాక్టర్లు అదే చీటీలో మోషన్ సాఫీగా అయ్యే మందు కూడా రాయాలి. రోగి వచ్చి మొరపెట్టుకునేదాకా ఆగకుండా మొదటిరోజే రాయాలి. ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానంటే, మా పెద్దమ్మ క్యాన్సర్ నొప్పికి ఏడ్చినదానికంటే ఈ మందులు తెచ్చే మలబద్ధకానికే ఎక్కువ ఏడ్చింది.

పెద్దమ్మది నెల్లూరు దగ్గర పల్లె. వైద్యం చెన్నైలో, మకాం వేళచ్చేరిలో మా ఇంట్లో. జబ్బు ఎముకల్లోకి పాకాక మామూలు మాత్రలు పనిచెయ్యలేదు. ముందు ట్రామడాల్ ఇచ్చారు, తర్వాత మార్ఫిన్. నొప్పి నిజంగానే తగ్గింది, రాత్రిళ్ళు నిద్రపోయింది. కానీ కడుపు కదలడం మానేసింది. పొట్ట ఉబ్బరం, వికారం, అన్నం చూస్తేనే వద్దనేది. బాత్‌రూమ్‌లో చాలాసేపు కూర్చుని, ముక్కి ముక్కి, చెమటలు పట్టి గోడ పట్టుకుని బయటికొచ్చేది. కొన్నాళ్ళకు చూస్తే మార్ఫిన్ మాత్రలు మింగకుండా దిండు కింద పెడుతోంది. "నొప్పన్నా ఓర్చుకుంటా గానీ ఇది నా వల్ల కాదమ్మా" అంది.

ఆ మాత్రలు మన దేశంలో ఎంత కష్టపడితే రోగి చేతికి వస్తున్నాయో ఆలోచించండి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం భయానికి ఏళ్ళ తరబడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. పాలియేటివ్ కేర్ డాక్టర్లు, అంటే పెద్ద జబ్బుల్లో రోగి బాధ తగ్గించడం చూసుకునేవాళ్ళు, పోరాడగా పోరాడగా 2014లో ఆ చట్టాన్ని సవరించారు. అంత పోరాడి తెచ్చుకున్న మందును రోగి మలబద్ధకం భయంతో పక్కన పెట్టేస్తుంటే కడుపు మండదా?

ఇది ముందుగా ఊహించలేని విషయమేమీ కాదు. మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును ఆపడానికి ఈ మందులు నరాల మీద ఏ గ్రాహకాలకు (రిసెప్టర్లకు) అంటుకుంటాయో, అవే గ్రాహకాలు పేగు గోడల్లోని నరాల మీద కూడా ఉన్నాయి. మందు అక్కడా అంటుకుంటుంది. మలాన్ని ముందుకు నెట్టే కదలిక మందగిస్తుంది. పేగులో నీరు ఊరడం తగ్గుతుంది. ఉన్న కాస్త నీటినీ ఒళ్ళు పీల్చేసుకుని మలం గట్టిపడుతుంది. పైగా మలద్వారం దగ్గరి కండరం సరిగ్గా వదులు కాదు. పాతకాలంలో ఆగని విరేచనాలకు నల్లమందు వాడింది ఈ గుణం కోసమే. ఇవాళ లూజ్ మోషన్స్‌కి మెడికల్ షాపులో ఇచ్చే లోపెరమైడ్ కూడా ఈ నల్లమందు, మార్ఫిన్ కుటుంబానిదే. మామూలు మోతాదులో అది మెదడు జోలికి పోకుండా పేగు దగ్గరే పనిచేస్తుంది.

మగత, వికారం అయితే ఎక్కువమందికి కొద్దిరోజుల్లో ఒంటికి అలవాటై తగ్గిపోతాయి. మలబద్ధకం అలా తగ్గదు. మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. పేగు దగ్గర మాత్రమే ఈ ప్రభావాన్ని అడ్డుకునే మిథైల్‌నాల్ట్రెక్సోన్ అనే మందుకు అమెరికాలో 2008లోనే అనుమతి ఇచ్చారంటే సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. మరి మన ఓపీల్లో "ఇబ్బంది ఉంటే వచ్చే విజిట్‌లో చూద్దాం" అని పంపించేస్తే ఎలా? దానికి తోడు కీమో వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా మలబద్ధకం చేస్తుంది. ఐరన్ మాత్రలూ అంతే. అన్నీ ఒకే చీటీలో ఉంటాయి, విరుగుడు ఒక్కటీ ఉండదు.

ఇంకో సంగతి, సిగ్గు. పెద్దమ్మ తన కడుపు సంగతి కుర్ర డాక్టరుకు చెప్పదు, కన్నకొడుక్కీ చెప్పదు. "వాడితో ఇవన్నీ ఏం చెప్తానే" అనేది నాతో. వార్డులో నర్సమ్మ "మోషన్ పోనీంగళా?" అని అరవంలో అడిగితే ఏదో ఒకటని తలూపేది. చీటీలో అయిందని రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి ఇక్కడికి వచ్చే మనవాళ్ళు ఎందరో ఉన్నారు. చాలామంది ఆసుపత్రుల పక్కన లాడ్జిల్లో, అద్దె గదుల్లో ఉంటారు. బయట ఇంకొకరు తలుపు కొడుతుంటే ఆ నొప్పి మనిషి స్థిమితంగా ఎలా కూర్చుంటుంది? అందుకే రోగి నోరు తెరిచేదాకా ఆగొద్దంటున్నాను. అడిగితే వివరంగా అడగాలి: చివరిసారి ఎప్పుడు అయింది, గట్టిగా ఉందా, పూర్తిగా అయినట్టు అనిపించిందా అని.

ఇక సలహాలు. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అరటిపండు, గోరువెచ్చని నీళ్ళు, ఇసబ్‌గోల్ అనే చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. మామూలు మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే. కానీ ఈ మందుల వల్ల వచ్చినదానికి సాధారణంగా వద్దంటారు. అది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. నెట్టే శక్తే తగ్గిన పేగులో, అందులోనూ నీళ్ళు తాగలేని మనిషికి, అది లోపలే అడ్డుపడే ప్రమాదం ఉంది. పేగును కదిలించే మందు కావాలి, సెన్నా అంటే మన సునాముఖి, లేదా బైసకోడిల్. మలాన్ని మెత్తబరచడానికి పీఈజీ (పాలీఎథిలీన్ గ్లైకాల్) పొడి గానీ లాక్టులోజ్ సిరప్ గానీ. లాక్టులోజ్‌తో కొందరికి గ్యాస్, ఉబ్బరం ఎక్కువవుతాయి. పెద్దమ్మకూ అలాగే అయితే పాలియేటివ్ డాక్టరమ్మ దాన్ని తీసేసి, రాత్రి సెన్నా మాత్ర, పగలు నీళ్ళలో కలిపిన పీఈజీ ఇచ్చారు. మార్ఫిన్ పెంచినప్పుడల్లా వీటిని కూడా చూసుకోవాలని చెప్పారు. పొద్దున కాఫీ తాగాక కాసేపటికి కూర్చోమన్నారు, తిన్నాక, తాగాక పేగు సహజంగానే కొంచెం కదులుతుందట. వెస్టర్న్ కమోడ్ ముందు కాళ్ళ కింద చిన్న పీట పెట్టించారు. పెద్దమ్మ మళ్ళీ అన్నం అడిగింది, మాత్రలు మానకుండా వేసుకుంది.

రోగిని చూసుకునేవాళ్ళు ఇది మాత్రం తప్పక గుర్తుపెట్టుకోండి. చాలారోజులు మోషన్ కాకుండా ఉండి, ఉన్నట్టుండి నీళ్ళలా కారడం మొదలైతే అది విరేచనాలు కాకపోవచ్చు. గట్టిపడ్డ మలం అడ్డంగా ఉంటే దాని పక్కల నుంచి నీరు మాత్రమే కారుతుంది. అప్పుడు లూజ్ మోషన్స్ మాత్ర వేస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యండి. కడుపు బాగా ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే ఇంట్లో మరో డోసు వేసి చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. నొప్పి మందును మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

రేపు మీ వాళ్ళెవరికైనా ఇలాంటి మందు రాస్తే, ఓపీ గదిలోంచి లేవకముందే అడగండి: "మోషన్‌కి ఏం రాశారు సార్? ఎప్పుడు వెయ్యాలి? ఎన్ని రోజులు అవ్వకపోతే మీకు ఫోన్ చెయ్యాలి?" అమ్మకో, అత్తకో చెప్పడానికి సిగ్గయితే వాళ్ళ పక్కన కూర్చుని మీరే అడగండి.