ఒక్క బాతు ఆట

సద్దుల బతుకమ్మ రోజు నల్లగొండలో మగవాడికి పొద్దున పది దాటితే పని ఉండదు. తంగేడు, గునుగు, బంతి తెచ్చి వాకిట్లో పోస్తే మన వంతు అయిపోయినట్టే. ఆ తర్వాత ఇంట్లో ఎక్కడ కూర్చున్నా అడ్డమే. వరండాలో కూర్చుంటే అక్కడ గునుగుకు రంగులద్దాలన్నారు. హాల్లోకి పోతే తాంబాళం పెట్టాలి లెమ్మన్నారు. వంటింటి గడపలో నిలబడితే సత్తుపిండి కోసమే వచ్చానని అనుమానించారు. అది నిజమే. చివరికి లోపలి గదిలో తేలాను. అక్కడ మా అబ్బాయి, చెల్లె కూతురు తలలు వంచుకుని ఫోన్లలో ఎవరినో కాలుస్తున్నారు.

"మేము మీ అంతున్నప్పుడు..." అన్నాను.

ఈ మాటతో మొదలైన పని ఏదీ బాగుపడగా నేను చూడలేదు. అయినా నోరు ఆగలేదు. మా కాలంలో తుపాకీ ఫోన్లో కాదు, చేతిలోనే ఉండేదని, టీవీలో బాతు ఎగిరితే గురిచూసి కొట్టేవాళ్లమని, మొత్తం రామగిరిలో నా అంత గురి ఎవరికీ లేదని చెప్పాను. ఇద్దరూ తలెత్తారు. ఫోన్లో మునిగిన పిల్లలు తలెత్తడం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ ఊపులోనే సజ్జ ఎక్కాను.

మా అమ్మ ఏ వస్తువునూ పారేయదు. చిల్లుపడ్డ బిందె, పిడి ఊడిన కుక్కరు, నాన్న పాత గొడుగు, వీటన్నిటి వెనక ధోవతి ముక్కలో చుట్టి ఉంది మా వీడియో గేమ్. రెండు రిమోట్లు, ఒక తుపాకీ, పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద 99,99,999 ఆటలని రాసి ఉంటుంది. చిన్నప్పుడు అది నమ్మి, ఒక్కో ఆట ఒక్కో రోజు ఆడినా నా మనవళ్ల మనవళ్లకు కూడా మిగులుతాయని లెక్కేసుకున్నాను. తీరా చూస్తే ఉన్నవి ఐదారు. వాటినే పేర్లు మార్చి మళ్లీ మళ్లీ పేర్చారు.

ఈ డబ్బాకు అసలు తాత జపాన్‌లో ఉన్నాడు. నింటెండో వాళ్లు 1983లో ఫ్యామికామ్ అనే యంత్రం తెచ్చారు. మారియో అనే బొమ్మ మనిషి దూకుతూ పరిగెత్తే మా ఆట దాని కోసమే 1985లో వచ్చింది. మా ఇంటికి వచ్చింది దాన్ని చూసి ఇంకెవరో చేసిన నకలు. వచ్చిన సంవత్సరం 1996. అంటే పదమూడేళ్ల పాత సరుకన్న మాట. మాకు మాత్రం అప్పుడే చెట్టు మీంచి కోసిన పండులా అనిపించింది. నేను ఐదో తరగతి, చెల్లె రెండు. రిమోట్లు రెండున్నా నేనెప్పుడూ ఒక్కరు ఆడే ఆటే పెట్టేవాడిని. రెండో రిమోట్ చెల్లె చేతిలో పెట్టి "నువ్వూ నొక్కుతుండు, ఇద్దరం కలిసి ఆడుతున్నట్టే" అనేవాడిని. పాపం, నమ్మేది. నాలుక కొద్దిగా బయటపెట్టి, మారియో దూకినప్పుడల్లా తనూ శ్రద్ధగా నొక్కేది.

అన్న అన్నాక ఆ మాత్రం రాజకీయం ఉంటుంది.

బాతుల ఆట దగ్గర మాత్రం చెల్లె ఒక్క పట్టు పట్టేది. అందులో ఒక్కో బాతు ఎగిరే ఆట ఒకటి, రెండేసి ఎగిరేది ఒకటి ఉంటాయి. "ఒక్క బాతు ఆటే పెట్టు అన్నా" అనేది. రెండు బాతులు ఒకేసారి చస్తే చూడలేదేమో, మనసు మెత్తన అనుకున్నాను. తుపాకీ తగిలించాలంటే ఒక రిమోట్ పీకి ఆ చోట గుచ్చాలి. మిగిలిన రిమోట్‌తో ఆట ఎంచుకుని, ఇక దానితో పని లేదు కాబట్టి చెల్లెకు ఇచ్చేసేవాడిని.

ఆ తుపాకీతో నాకొక తీరని బాధ ఉండేది. ఒక రోజు పదికి పది కొట్టేది. ఇంకో రోజు ఎంత గురి చూసినా తప్పేది. సరిగ్గా నొక్కే క్షణానికి బాతు చటుక్కున పక్కకు పోయేది. నాన్న దాన్ని పట్టుకుని రెండుసార్లు దుకాణానికి పోయాడు. రెండుసార్లూ దుకాణం ఆయన మా ముందే పదికి పది కొట్టి చూపించాడు. ఇంటికి తెస్తే మళ్లీ అదే కథ. డాక్టరు దగ్గరికి పోగానే తగ్గిపోయే పంటినొప్పి లాంటిదని నాన్న అన్నాడు. పిల్లలకు ఇదంతా ముందే చెప్పి పెట్టాను. రేపు ఒకటి రెండు గురి తప్పినా తుపాకీ మీదికి పోవాలి కదా.

వైర్లు ఎల్ఈడీ టీవీ వెనక తగిలించి స్విచ్ వేస్తే తెర మీద ఏమీ రాలేదు. పిల్లలు నా వైపు చూశారు. నేను చిరునవ్వు నవ్వి, క్యాసెట్ పీకి, కళ్లు మూసుకుని, దాని నోట్లోకి ఫూ అని ఊదాను. 28 ఏళ్ల దుమ్ము తిరిగి నా ముక్కులోకే వచ్చింది. వరసగా పదకొండు తుమ్ములు. "ఎందుకు ఊదావు మామా?" అని కోడలు అడిగింది. ఊదితే పనిచేస్తుందన్నాను. నిజానికి పనిచేసేది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. అప్పుడు లోపలి పిన్నులు సరిగ్గా అంటుకుంటాయి. ఊదితే ఉమ్మి తడికి అవి తుప్పు పడతాయి, ఊదొద్దని కంపెనీ వాళ్లే చెప్పారు. కానీ తీసి పెట్టడంలో మంత్రం ఏముంది? ఊదితేనే కదా మనమేదో చేసినట్టు.

మూడోసారికి బొమ్మ వచ్చింది. ముందు మారియో పెట్టాను. ఈ ఆట మొత్తం 40 కేబీ, అమ్మకు రోజూ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ కూడా ఇంతకంటే పెద్దదని నేను చెబుతుండగానే మా అబ్బాయి "డాడీ, పైన మేఘం, కింద పొద ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే" అన్నాడు. చూస్తే నిజమే. నేను ఇన్నేళ్లలో ఎన్ని వందల సార్లు ఆ పొదల పక్క నుంచి పరిగెత్తానో. ఆ వెంటనే మారియో మొదటి పుట్టగొడుగుకు గుద్దుకుని చచ్చాడు. ఆ సంగతి పెద్దగా చర్చకు రాకుండా బాతుల ఆటలోకి మారాను.

బాతు లేచింది. గురి చూశాను. నొక్కాను. బాతు దర్జాగా ఎగిరిపోయింది. ఒక్కో బాతుకు మూడు గుండ్లు. మూడూ పోయాయి. పొదలోంచి కుక్క లేచి, రెండు కాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని కిసకిస నవ్వింది. ఆ కుక్క నవ్వు ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దానికి పిల్లలిద్దరి నవ్వు తోడైంది.

ముందుకు జరిగాను. మళ్లీ కుక్క. ఇంకా జరిగాను. మళ్లీ కుక్క. ఆఖరికి తుపాకీ మూతిని బాతు పొట్టకు ఆనించి నొక్కాను. అది కూడా తప్పింది. "టీవీ పగిలితే పండుగ పూట నా నోట్లోంచి ఏమొస్తదో నాకే తెల్వదు" అని వంటింట్లోంచి అమ్మ.

మా అబ్బాయి ఫోన్లో వెతికి చెప్పాడు, ఈ తుపాకీ ఎల్ఈడీలో పనిచేయదట. ఇందులోంచి ఏ గుండూ పోదు. ఇది అసలు తుపాకీ కాదు, కన్ను. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల చతురస్రం వెలుగుతుంది. ఆ తెలుపు తుపాకీ కంటికి కనబడితే బాతు పడ్డట్టు. పాత డబ్బా టీవీ ఏ బొమ్మనైనా ఆ క్షణంలోనే గీస్తుంది. కొత్త టీవీ దాన్ని కాస్త సింగారించి చూపిస్తుంది. సింగారం అయ్యేసరికి తుపాకీ కన్ను మూసేసుకుంటుంది.

ఇక్కడ ఆగిపోతే పోయేది. కానీ తుపాకీ తప్పు కాదు, టీవీ తప్పు అని తేలాక మగాడు ఊరుకుంటాడా? "గంటలో వస్తా" అని బయల్దేరాను.

క్లాక్ టవర్ వెనక సందులో ఒక మెకానిక్ దగ్గర 21 అంగుళాల డబ్బా టీవీ దొరికింది. "గిప్పుడు ఇది ఎవరికి కావాలె సార్? సినిమా తీస్తున్నరా?" అన్నాడు. బాతులను కాల్చడానికి అని చెప్పలేక తల ఊపాను. సినిమా అనుకున్నాడు కాబట్టి ఒక్క రోజుకు 500 చెప్పాడు. ఆటోకు ఇంకో 150. పాత టీవీ బరువు మనం మరిచిపోయాం గానీ అది మనల్ని మరిచిపోలేదు. 20 కిలోలకు తగ్గదు, ఉన్న బరువంతా ముందు అద్దంలోనే. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిని దిగబెడుతున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. దారిలో ఎదురైన నాన్న స్నేహితుడు ఒకాయన ఆటో పక్కకు బండి తెచ్చి "కొత్త టీవీనా?" అని మనస్ఫూర్తిగా అడిగాడు.

గడప దాటిస్తుంటే నడుములో టక్ మంది. వంగినవాడిని వంగినట్టే ముందుకు నడిచి, కనబడిన మొదటి పీట మీద టీవీ దించాను.

"ఏందిరా గిది? బతుకమ్మ పీట మీద పెట్టినవ్?" అంది అమ్మ.

లేవలేనని చెప్పాను. పడింది టీవీనా, నేనా అని అమ్మకు స్పష్టత రాకముందే పిల్లలు వైర్లు తగిలించేశారు. కూర్చుంటే లేవలేను, నిలబడితే నిటారు కాలేను. గోడకు ఒక చెయ్యి ఆనించి, వంగిన భంగిమలోనే తుపాకీ ఎత్తాను. బాతు లేచింది. నొక్కాను. పడింది!

రెండోది పడింది. మూడోది, నాలుగోది. కుక్క లేచి బాతులను చూపిస్తోంది, నవ్వడం లేదు. మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టేశాడు. నేను నడుము సంగతి మరిచిపోయాను. అమ్మ కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

అయిదో బాతు నేను నొక్కే క్షణానికి చటుక్కున కుడికి పోయింది. ఆరోది ఎడమకు. ఏడోది నేరుగా నా ముందుకొచ్చి, ఆగినట్టే ఆగి, కిందికి దూకింది. కుక్క నవ్వింది.

"చూశారా, చెప్పాను కదా!" అని అరిచాను. "ఇదే! సరిగ్గా ఇదే రోగం! ఏ బాతైనా ఇట్లా..."

అంటూ తిరిగి చూస్తే, పూల కుప్ప పక్కన చెల్లె కూర్చుని ఉంది. చేతులకు గునుగు రంగు. ఆ రంగు చేతుల్లో రిమోట్. నాలుక కొద్దిగా బయటికి ఉంది.

"ఒక్క బాతు ఆటలో రిమోట్ నొక్కితే బాతు తిరుగుతది అన్నా" అంది, అన్నంలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "రెండు బాతులదాంట్ల తిరగదు."

నాకు నోట మాట రాలేదు.

"మారియోలో నువ్విచ్చే రిమోట్ ఉత్తదని నాకు వారంలనే తెలిసింది. అప్పటి సంది ప్రతి ఆటలో నొక్కి చూసిన. ఒక్క బాతే నా మాట ఇన్నది."

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్తే రిమోట్ గుంజుకోవా?"

దీనికి జవాబు లేదు. గుంజుకునేవాడినే. ఇంతలో మూలన పేపరు చదువుతున్న నాన్న దాన్ని నెమ్మదిగా మడిచాడు. "రెండుసార్లు పోయిన దుకాణానికి" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తాను. "రెండోసారి ఆయన్ని దొంగ అన్న."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెర మీద బాతు మాత్రం ఎవరూ కాల్చేవాళ్లు లేక తిరుగుతోంది.

"నువ్వు తుపాకీ పట్టు, నేను తిప్పుతా" అన్నాను చివరికి. చెల్లె చేతులు కొంగుకు తుడుచుకుని తుపాకీ అందుకుంది. జీవితంలో అది ఆమె చేతికి రావడం అదే మొదటిసారని నాకు అప్పుడే తట్టింది. రిమోట్ నా చేతిలో. కుడి నొక్కితే బాతు కుడికి పోయింది. ఎడమ నొక్కితే ఎడమకు. ఇంత మాట వినే బాతును నేను ఇన్నేళ్లు శత్రువు అనుకున్నాను. పైకి లేపాను, కిందికి దించాను, మూలకు తీసుకెళ్లాను.

చెల్లె మొదటి గుండుకే కొట్టింది.

"పీట ఖాళీ చేస్తరా, బతుకమ్మను నేల మీద పేర్చమంటరా?" అంది అమ్మ. టీవీ ఎత్తడానికి ఎవరు వస్తారని అందరూ నా వైపు చూశారు. నేనింకా వంగే ఉన్నాను.