ఇంతకీ కుక్క బరువెంత?

పొద్దున్నే ఆరుగురికి టీ పెట్టారు, వడగట్టారు, పిప్పి చెత్తబుట్టలో కొట్టారు. మూత మాత్రం పెట్టలేదు. పావుగంటలో బుట్ట బోర్లా పడింది, ఇంట్లో పెంచుకునే పగ్గు జాతి కుక్క మూతి గోధుమరంగుకి తిరిగింది, టీపాయ్ మీది అరగ్లాసు టీ కూడా మాయం.

“టీయేగా! మా ఊరి టీకొట్టు దగ్గర కుక్కలు బన్ను నంజుకుని మరీ తాగుతాయి” అన్నాడు బావమరిది సోఫాలోంచి లేవకుండానే. ఇలాంటి అనుభవజ్ఞుడు ఇంటికొకడుంటాడు, సోఫా కూడా అతనిదే అవుతుంది.

టీలో ఉండేది కెఫీన్. కుక్క ఒంటి బరువులో కిలోకి 20 మిల్లీగ్రాములు పడితే వాంతులు, దాహం, కాలు ఒకచోట నిలవకపోవడం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60 దగ్గర ఫిట్స్. మన చిన్న గ్లాసు టీలో ఉండేది సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములు. కాబట్టి అడుగున మిగిలిన రెండు గుక్కలు నాకితే దాని ప్రాణానికేం కాదు. పాలూ పంచదారా పడక కడుపు పాడైతే నష్టపోయేది మీ తివాచీ. భయపడాల్సింది పొడికి. చెంచాడు టీపొడి 2 గ్రాములనుకుంటే అందులో 40 నుంచి 60 మిల్లీగ్రాములుంటుంది. మరిగాక కూడా పిప్పిలో కొంత మిగిలే ఉంటుంది. ఇక్కడ ఆరు చెంచాల పిప్పి.

పశువుల క్లినిక్‌కి ఫోన్ చేస్తే ముందు ఒకటి నొక్కమన్నారు, తర్వాత మూడు నొక్కమన్నారు, ఆ తర్వాత వీణ వినిపించారు. చిట్టచివరికి ఒక ఆడగొంతు అడిగింది: “బరువెంత?”

న్యాయమైన ప్రశ్నే. లెక్కంతా దాని మీదే నిలబడింది. కెఫీన్ ఎక్కిన పగ్గు మాత్రం కాటా మీద నిలబడదు. అందుకో పద్ధతుంది: ముందు మనిషి ఒక్కడూ ఎక్కాలి, తర్వాత కుక్కని ఎత్తుకుని ఎక్కాలి, రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్యాలి. ఇంటాయన నేరుగా కుక్కతోనే ఎక్కాడు. 91.

“మరి మీ ఒక్కరిదీ?” అంది ఆవిడ.

“డెబ్బైనాలుగు. తెలిసిందేగా.”

షుగరు డాక్టరుకి చెప్పిందీ, పెళ్లిళ్లలో రెండో జాంగ్రీకి సాక్ష్యంగా చూపించిందీ ఆ డెబ్బైనాలుగే. ఆ లెక్కన పగ్గు 17 కిలోలు. సంగతేమిటంటే కుక్క ఎంత బరువైతే టీ అంత నిరపాయం. 17 కిలోలకి 340 మిల్లీగ్రాముల దాకా వెసులుబాటు కనిపిస్తుంది. ఆయన పరువు నిలబడితే పగ్గుకి జబ్బే లేదన్నమాట. ఫోన్లో గొంతు మాత్రం, “పగ్గేనాండీ? గేదెదూడ కాదుగా?” అంది. మామూలు పగ్గు ఆరు నుంచి తొమ్మిది కిలోలు. ఇక ఒంటరిగా ఎక్కక తప్పలేదు. చొక్కా విప్పాడు, వాచీ తీశాడు, జేబులో తాళాలు తీశాడు, ఊపిరి బయటికి వదిలేశాడు. 83. పగ్గు 8 కిలోలు, దాని హద్దు 160. బావమరిది మొదటిసారి సోఫాలోంచి లేచి వచ్చి కాటాని ఫోటో తీసుకున్నాడు.

ఈలోగా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉప్పునీళ్లు పట్టమని సలహాలు. ఉప్పునీళ్లతో రక్తంలో సోడియం పెరిగితే కెఫీన్ కంటే ముందు అదే చంపుతుంది. పగ్గులాంటి చప్పిడిముక్కు జాతికి ఇంట్లో వాంతి చేయించడం అసలే కూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ పనైనా, కడుపులోని విషాన్ని పట్టుకునే బొగ్గుమందైనా డాక్టరు చేతి మీదుగానే జరగాలి, అలాగే జరిగింది.

తర్వాత మిగిలింది ఉచ్చ పోయించడం. కెఫీన్ మూత్రాశయం గోడల్లోంచి మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది కనక మాటిమాటికీ కిందికి దించాలి. మా అసోసియేషన్ రూలు ప్రకారం కుక్కలు ఉదయం ఆరు నుంచి ఏడు మధ్యే దిగాలి. మూడో విడతలో సెక్రటరీగారు లిఫ్టు దగ్గరే కాపు కాశారు. మందుచీటీ చూపిస్తే, దాని మీద అసోసియేషన్ ముద్ర లేదన్నారు. కుక్క ఒంట్లో కెఫీన్ సగానికి దిగాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. జరిమానా రశీదు పది నిమిషాల్లో వచ్చింది, అందులో ‘కుక్క బరువు’ అన్న గడిలో 83 అని రాసుంది.