మూడు గీతల దాతకు దండాలు

మ.రా.రా.శ్రీ అంగన్‌వాడీ దూలానికి వేలాడే తూకం గారి సముఖానికి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగే నర్సమ్మ దండాలు పెట్టి రాసుకునేది ఏమనగా...

తమరి దానగుణం మొన్న బయటపడింది. సంచిలో ఇంకా ఎవరూ కూర్చోలేదు, ముల్లు అప్పటికే మూడు గీతలు దాటి నిలబడి ఉంది. గీతకు 100 గ్రాములు. అంటే ఏ బిడ్డ వచ్చినా తమరి ఖాతాలోంచి 300 గ్రాములు ఉచితం! నమ్మలేక అంగట్లోంచి కిలో ఉప్పు ప్యాకెట్టు తెప్పించి వేలాడదీశాను. 1.3 చూపించారు. ఉప్పుకు కూడా ఒళ్లు చేయించిన ఘనత తమరిదే.

తిరుమల కొండమీద తులాభారంలో పటికబెల్లం పోసేవాళ్లు కూడా రెండు తట్టలూ సమంగా నిలిచేదాకా ఆగుతారు. తమరికి ఆ బాధ లేదు.

ఏడాది నిండిన ఆడబిడ్డ 7 కిలోలకు తగ్గితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలతో వేసిన అంగన్‌వాడీ పటంలో, బరువు తక్కువని చెప్పే పసుపు పట్టీలో పడుతుంది. ఈ వీధి బిడ్డకు తమరు మూడు నెలలుగా 7.2 చూపిస్తున్నారు. ఆకుపచ్చ! అందరూ సంతోషం. కానీ తమరు నెలనెలా ఒకే అబద్ధం చెప్పడం వల్ల పటంలో గీత మాత్రం నిజం చెప్పేసింది. ఎక్కాల్సింది పోయి అడ్డంగా పడుకుంది. రంగు చూసేవాళ్లకు గీత ఎక్కడ కనబడుతుంది?

ఇదే బిడ్డ బోర్లా పడితే వీధంతా బొబ్బట్లు పంచారు. అడుగులేస్తే అరిసెలకు అవ్వ బెల్లం తెచ్చిపెట్టుకుంది. ఎప్పుడు మెడ నిలిపింది, ఎప్పుడు కూర్చుంది, అన్నీ ఆమె నోటిమీదే ఉన్నాయి. ఆ జ్ఞాపకం ముందు నా చేతిలో ఫారం దిగదుడుపే. బరువు పెరిగితే పంచే పిండివంట ఒక్కటీ మన పెద్దలు పెట్టలేదు, అందుకే తమరి ఆటలు సాగుతున్నాయి.

సరే, తమరి నెత్తిమీది మర తిప్పి ముల్లును సున్నాకు తెచ్చాను. "దిష్టి తగల్తాది సిస్టరమ్మా" అని అవ్వ మొత్తుకుంటున్నా వెండి మొలతాడు, కడియాలు తీయించి బిడ్డను కూర్చోబెట్టాను. తమరి 300, వెండి 100 పోగా 6.8.

టీచరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "పోయిన నెల ఆకుపచ్చలో ఉన్న బిడ్డ పసుపులోకి వస్తే పైవాళ్లకు నేనేం చెప్పేది?"

అవ్వకు మాత్రం ఏ సందేహమూ లేదు. బిడ్డను సంచిలోంచి లాక్కుని, ఎండుమిరపకాయలు తెమ్మని కోడలికి కేకేసి, నా వైపు తిరిగింది.

"అప్పుడే చెప్పినా గదా, మొలతాడు తీయొద్దని!"