ఆ వేలు ఎక్కడుంది?

మొన్న మా డెస్క్‌కు ఒక ఫొటో వచ్చింది. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, విద్యార్థులకు ఆయుధాలు చూపించే పోలీసుల ఓపెన్ హౌస్. తెల్ల గుడ్డ పరిచిన బల్లల మీద ఏకే-47, ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, కార్బైన్ తుపాకులు వరసగా పెట్టారు. స్కూల్ యూనిఫాంలో ఉన్న పిల్లవాడు, ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటాడు, ఇన్సాస్ ఎత్తి భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి గురి పెట్టాడు. గొట్టం ఎదురు వరసలో నిలబడ్డ అమ్మాయిల వైపు ఉంది. వాళ్లు నవ్వుతున్నారు. పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వుతున్నాడు. ఫొటోను పెద్దది చేసి చూస్తే, పిల్లవాడి చూపుడు వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

దానితో పాటు పంపిన వ్యాఖ్య: ఆయుధాలపై విద్యార్థులకు అవగాహన.

ఏం అవగాహన? తుపాకీ పట్టినవాడికి మొట్టమొదట చెప్పేది, గొట్టాన్ని మనిషి వైపు తిప్పొద్దని. ఆ వెంటనే చెప్పేది, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దని. ఆ రెండూ ఒకే ఫొటోలో తప్పాయి, అదీ నేర్పాల్సినవాళ్ల ఎదుటే. ఆ ఫొటో మేం వేయలేదు. అలాగని గొప్పలు చెప్పుకునే స్థితిలోనూ లేం. ప్రతి అక్టోబర్‌లో పోలీసు అమరవీరుల సంస్మరణ రోజులు రాగానే ఇలాంటి ఫొటోలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఏళ్ల తరబడి వాటిని మా జిల్లా పేజీల్లో వేస్తూ వచ్చాం. ఎవరి వేలు ఎక్కడుందో చూడాలని మాకూ తోచలేదు.

1959 అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు ప్రాణాలు విడిచారు. ఆ రోజును తలచుకోవడానికి పెట్టుకున్న కార్యక్రమంలో తుపాకీ ఫొటో సరంజామా అయిపోయింది.

ఖాళీ తుపాకే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారు. తుపాకీ ప్రమాదాల వార్తలు దిద్దీ దిద్దీ ఉన్న మాకు ఆ మాట వింటేనే టెన్షన్. శుభ్రం చేస్తుండగా పేలింది, ఎవరికో చూపిస్తుండగా పేలింది, జీపు దిగుతుండగా పేలింది. అలా పేలినవన్నీ అంతకు నిమిషం ముందు ఖాళీ తుపాకులే. వాటన్నిటికీ పత్రికల్లో మేం పెట్టే శీర్షిక ఒకటే, 'మిస్‌ఫైర్'. నిజానికి ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. పేలకూడని చోట పేలితే అది పట్టుకున్నవాడి తప్పు. ఆ తప్పును తుపాకీ మీదకు నెట్టేయడానికి మనకో ఇంగ్లిష్ మాట దొరికింది, అంతే.

తుపాకుల మోతతో విసిగిపోయిన ఈ ప్రాంతంలో పిల్లల్ని అసలు వాటి దరిదాపులకే రానివ్వొద్దనే వాళ్లున్నారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో మావోయిస్టుల కోసం భద్రతా బలగాలు కర్రెగుట్టల చుట్టూ జరిపిన ఆపరేషన్ చూశాక ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. పోలీసులంటే పిల్లలకు భయం పోవాలనే ఓపెన్ హౌస్ పెడుతున్నామని అధికారులు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ వదిలేస్తున్న సంగతి వేరే ఉంది. పిల్లవాడి చేతికి తుపాకీ ఎలాగూ వస్తోంది. మనమే అందిస్తున్నాం. అందిస్తూ ఏం చెబుతున్నాం?

నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఊళ్లకు వెళ్లి చూడండి. కోతుల బాధ పడలేక ఎయిర్‌గన్ కొంటున్నారు. మక్క చేను కాపలాకు ఒకటి, పెంకుటింటి మీద కోతుల్ని తోలడానికి ఒకటి. గొట్టం చివర శక్తి 20 జౌళ్లు దాటని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ అక్కర్లేదంటే ఆట వస్తువని మనవాళ్లు అర్థం చేసుకున్నారు. అది తలుపు వెనక చీపురు పక్కన ఆనించి ఉంటుంది. దాన్లో వేసే చిన్న గుళ్లు, పెల్లెట్ల డబ్బా టీవీ పక్కన. నాన్న పొలం పోయాక పన్నెండేళ్ల పిల్లవాడు దాన్ని తీసి తమ్ముడి వైపు తిప్పి 'హ్యాండ్సప్' అంటాడు. లోపల నిన్నటి పెల్లెట్ ఉందో లేదో నాన్నకే గుర్తుండదు. ఎయిర్‌గన్ తగిలి చిన్నపిల్లలు చనిపోయిన వార్తలు మన రాష్ట్రంలోనే చదివాం. రెండు రోజులు బాధపడ్డాం, మూడో రోజు కోతులొచ్చాయి.

జాతరల్లో బెలూన్లు కొట్టే దుకాణం దగ్గర ఒక పది నిమిషాలు నిలబడండి. ఐనవోలైనా మేడారమైనా ఒకటే తంతు. దుకాణదారు లోడ్ చేసి ఇస్తాడు, పిల్లవాడు కాలుస్తాడు, బెలూన్ పగిలిందో లేదో కూడా చూడకుండా తుపాకీతో సహా వెనక్కి తిరిగి 'డాడీ, చూసినవా?' అంటాడు. ఆ గొట్టం వెనకాల నిలబడ్డవాళ్ల పొట్టల మీదుగా ఒక చుట్టు తిరిగి వస్తుంది. డాడీ చేతిలో ఫోన్, వీడియో తీస్తుంటాడు. అడవి ఊళ్లలో పందుల కోసం దాచుకునే నాటు తుపాకుల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. అది నేరం, దాని దారి వేరు.

ఇప్పుడు నేర్పడం అంటే ఎలా ఉంటుందో చూద్దాం. ఎన్‌సీసీ పిల్లల్ని అడగండి. పాయింట్ 22 రైఫిల్ ముట్టుకోవడానికి ముందు దాని భాగాల పేర్లు చెప్పాలి. విప్పాలి, తుడవాలి, మళ్లీ బిగించాలి. చేతికి తీసుకోగానే బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసి చూపించాలి, ఇచ్చినవాడు ఖాళీ అని చెప్పినా సరే. రేంజ్ చుట్టూ ఎర్ర జెండాలు పాతుతారు. టార్గెట్ ఉండేది 25 మీటర్ల దూరంలోనే, కానీ ఆ చిన్న తూటా మైలు దూరం పోగలదు. అందుకే వెనక ఎత్తయిన మట్టికట్ట. పిల్లలు నేల మీద బోర్లా పడుకుంటారు. ఎడమ మోచేయి రైఫిల్ కిందికి వచ్చేదాకా నేర్పే ఉస్తాద్ కాలితో జరుపుతూనే ఉంటాడు. ఊపిరి సగం వదిలి, బిగబట్టి, ట్రిగ్గర్‌ను గుంజకుండా మెల్లగా నొక్కాలి. తుపాకీ ఖాళీ చేయమని 'ఖాలీ కర్' అన్నాక ఎవడైనా తల తిప్పితే ఆ పూటకు వాడి పని అయిపోయినట్టే. చివర్లో ఇచ్చిన తూటాలెన్ని, పేలినవెన్ని, పేలాక మిగిలిన ఇత్తడి ఖోఖాలెన్ని అని లెక్క. ఒక్క ఖోఖా తగ్గితే అందరూ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో వెతకాల్సిందే, బస్సు వెళ్లిపోయినా సరే.

అలా ఐదు తూటాలు కాల్చి వచ్చిన పిల్ల ఇంట్లో తలుపు వెనక ఎయిర్‌గన్ చూస్తే ముందు దాన్ని గోడ వైపు తిప్పి పెడుతుంది. నాన్నను నాలుగు మాటలు అంటుంది కూడా. మేం అడుగుతున్న అవగాహన అదీ. ఓపెన్ హౌస్ బల్ల దగ్గర దొరికేది ఫొటో. ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు.

చట్టం అడ్డు వస్తుందా అంటే రాదు. 1959 ఆయుధ చట్టం 21 ఏళ్లు నిండనివారు తుపాకీ కలిగి ఉండకూడదంటుంది. అదే చట్టం శిక్షణలో, షరతుల మీద వాడుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది. 12 ఏళ్లు నిండిన పిల్లలు జూనియర్ షూటర్లుగా నేర్చుకోవచ్చు. అంటే చిన్న వయసులో నేర్పడం చట్టానికి సమ్మతమే. మరి ఏ శిక్షణా లేకుండా, ఏ షరతూ లేకుండా పదమూడేళ్లవాడి భుజానికి ఇన్సాస్ ఆనించడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో చట్టం తెలిసినవాళ్లే చెప్పాలి. 2019 సవరణలో సంబరాల్లో తుపాకీ కాల్చడాన్ని నేరం చేశారు, రెండేళ్ల దాకా జైలు. తుపాకీ సంబరానికి కాదని పార్లమెంటు చెప్పిన మాట మన పరేడ్ గ్రౌండ్ దాకా ఇంకా రాలేదు.

ఆటగా చూసినా అంతే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే, 2018లో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్లు ఇచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, పెన్నుతో పెట్టిన చుక్కంత. గంటంబావులో 60 సార్లు దాన్ని కొట్టాలి. చెయ్యి వణికేవాడికీ కోపం ఆపుకోలేనివాడికీ ఆ ఆట రాదు. దేశంలో షూటింగ్ ఆటను చూసే నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను, తర్వాత లోక్‌సభ తొలి స్పీకర్ అయిన మావలంకర్ అధ్యక్షుడిగా పెట్టింది 1951లో. తెలంగాణలో సాయుధ పోరాటం విరమించిందీ ఆ ఏడాదే. అక్కడ రైఫిల్ ఆట వస్తువైన ఏడాది ఇక్కడ ఊరూరా తుపాకులు దింపుతున్నారు. ఆ తేడా ఇంకా పోలేదు. హనుమకొండ సర్కారు బడి పిల్లకు గురి బాగా కుదిరితే ఆమె సైకిల్ మీద వెళ్లి నేర్చుకునే సర్కారు రేంజ్ ఎక్కడుందో ఏ అధికారైనా చేయి పెట్టి చూపించగలడా? హైదరాబాద్ గచ్చిబౌలిలోని రేంజ్‌కు పొమ్మంటే 150 కిలోమీటర్లు.

నేర్పేవాళ్లు లేరా అంటే వరంగల్ పక్కన మామునూరులోనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది, బెటాలియన్ ఉంది. ఎన్‌సీసీ ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌కు కావాల్సింది ఒక పొడుగాటి గది, వెనక ఇనుప రేకు, తాళం వేసిన బీరువా, ఆ తాళం చెవి జేబులో పెట్టుకునే బాధ్యత గల ఒక మాస్టారు. అడిగితే 'మనకెందుకు సార్ రిస్కు' అంటారు. ఇది మమ్మల్ని మండించే మాట. పెల్లెట్ తుపాకీ నేర్పడం రిస్కు, ఏకే-47 ఇచ్చి ఫొటో తీయడం మాత్రం అవగాహన! దసరాకు ఆయుధపూజ ఫొటో కావాలి, ఫ్లెక్సీ మీద తుపాకీ పట్టిన హీరో పక్కన నాయకుడి నవ్వు కావాలి, రీల్స్‌లో బొమ్మ పిస్టల్‌తో కేక్ కోయాలి. వీటికి ఎవరి అనుమతీ అడగరు. పాఠం దగ్గరికి వచ్చేసరికే అందరికీ శాంతి గుర్తొస్తుంది.

ఈ అలవాటు చూసే పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? తుపాకీ అంటే మొదట పోజు అని. ఇవాళ బల్ల మీది ఇన్సాస్‌తో నేర్చుకున్నది రేపు తలుపు వెనక ఎయిర్‌గన్‌తో చేస్తారు. యూనిఫాం వేసుకున్న పెద్దమనిషే పక్కన నిలబడి నవ్వినప్పుడు, ఇంట్లో అమ్మ 'అటు తిప్పకురా' అంటే ఎవడు వింటాడు?

ఓపెన్ హౌస్ ఆపమని మేం అనడం లేదు. బల్లకు అడ్డంగా తాడు కట్టండి. తుపాకీ ఉస్తాద్ చేతిలోనే ఉండనివ్వండి. ఛాంబర్ తెరిచి చూపించండి, పిల్లలచేత కూడా ఖాళీయా కాదా అని చెప్పించండి. పట్టుకోవాలన్నవాళ్లకు ఎయిర్ రైఫిల్ ఇచ్చి, మట్టికట్ట వైపు తిప్పి, గంటసేపు నేర్పండి. ఆ గంట మీ దగ్గర లేకపోతే బ్యాండు వాయించి, పోలీసు కుక్కల విన్యాసాలు చూపించి పంపేయండి. పిల్లలకు అవి ఎలాగూ ఎక్కువ ఇష్టం.

ఇక వచ్చే అక్టోబర్‌లో మాకు ఫొటో పంపేముందు ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. వేలు ట్రిగ్గర్ మీద ఉన్న ఫొటో పంపితే వేయమని అనుకోవద్దు, వేస్తాం. పిల్లవాడి ముఖం కనపడకుండా చేసి, పక్కన నిలబడి నవ్వుతున్న అధికారి పేరు, హోదా కింద రాసి మరీ వేస్తాం.